బాంగ్ పా-ఇన్‌లో నాన్నతో ఒక రోజు

నాన్న జేబులో ఎప్పుడూ ఒక చిన్న నోటుపుస్తకం ఉండేది. ఎర్ర అట్ట, పేజీలు పైకి తిప్పే రకం. కోనసీమ బడుల్లో ముప్పై రెండేళ్లు తెలుగు పండితుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాక, సంధులు విడదీసి చూపించడానికి ఎదురుగా పిల్లలు లేక ఆ పుస్తకంలోనే విడదీసుకునేవారు. కొట్ల మీది బోర్డులు, బస్సుల మీది ఊళ్ల పేర్లు, శుభలేఖల్లో అచ్చుతప్పులు, దేన్నీ వదిలేవారు కాదు.

2010 జనవరిలో ఆయననూ అమ్మనూ మూడు వారాలకు బ్యాంకాక్ రప్పించుకున్నాను. నేను అక్కడ ఉద్యోగంలో చేరి అప్పటికి నాలుగేళ్లు. విమానాశ్రయం పేరు సువర్ణభూమి అని తెలిసిన క్షణం నుంచి నాన్నకు కాలు నిలవలేదు. పేజీ మధ్యలో నిలువుగీత గీసి ఎడమవైపు ‘వాళ్లది’, కుడివైపు ‘మనది’ అని శీర్షికలు పెట్టుకున్నారు. వారం తిరిగేసరికి నాలుగు పేజీలు నిండాయి. నాలుగేళ్లుగా ఆ మాటలతోనే కూరగాయలు బేరమాడుతున్న నాకు తట్టనివి, ఆయనకు టాక్సీ కిటికీలోంచి చూస్తూ తట్టేవి.

ఒక రాత్రి అన్నం తింటూ ప్రకటించారు: "పట్టేశానమ్మడూ! పదం చివర రేఫ ఉంటే వీళ్లు నకారం పలుకుతున్నారు. అంత్య రేఫకు నకారాదేశం. ఇంక తాళంచెవి దొరికినట్టే."

"ముందు చారు పోసుకోండి" అంది అమ్మ.

ఆ తాళంచెవిని పరీక్షించడానికి తగిన చోటు బాంగ్ పా-ఇన్ రాజభవనమే అనిపించింది నాకు. బ్యాంకాక్‌కు ఉత్తరాన సుమారు అరవై కిలోమీటర్లు, చావో ఫ్రాయా నది ఒడ్డున, అయుత్థయకు కాస్త ఇవతల ఉంటుంది. నగరంలోని మహాభవనం, అదే గ్రాండ్ ప్యాలెస్, అందరూ చూసేదే, మేమూ చూశాం. జనం తోపులాట తప్ప అమ్మకు అందులో ఏమీ మిగల్లేదు. బాంగ్ పా-ఇన్ అలా కాదు. అది రాజులు ఎండల్లో సేదదీరడానికి వచ్చే చోటు. అంటే ముందు తోటలు, చెరువులు. భవనాలు ఆ తర్వాత.

హువా లంఫోంగ్ స్టేషన్లో పొద్దున్నే మూడో తరగతి టికెట్లు తీసుకున్నాం. మనిషికి ఇరవై బాట్లు కూడా కాలేదు. కిటికీలు తెరిచిన పెట్టె, తలమీద తిరిగే పంకాలు, ఒళ్లో బుట్టలు పెట్టుకున్న ఆడవాళ్లు. అమ్మకు బ్యాంకాక్‌లో మొదటిసారి ప్రాణం కుదుటపడినట్టయింది. పండ్లమ్మే అమ్మాయి జామకాయ ముక్కలు, వాటితో చిన్న పొట్లంలో ఉప్పూకారం ఇచ్చింది. అందులో పంచదార కూడా కలుస్తుంది, అదొక్కటే తేడా. జామకాయను అక్కడ ‘ఫరాంగ్’ అంటారు. తెల్లవాడినీ ‘ఫరాంగ్’ అనే అంటారు. నాన్న ఆ సంగతి రాసుకుని, "మన పరంగివాడే! ఇక్కడ జామచెట్టెక్కాడు" అని చాలాసేపు తనలో తను నవ్వుకున్నారు.

"ఈ రైలు ఎక్కడిదాకా పోతుంది?" అని అడిగింది అమ్మ.

"అయుత్థయ. అంటే అయోధ్య" అన్నారు నాన్న. అమ్మ జామముక్క పక్కన పెట్టి చేతులు జోడించింది.

సయాం (థాయిలాండ్ పాత పేరు) ప్రభుత్వం మొదట తెరిచిన రైలుదారి ఇదే, 1897లో, బ్యాంకాక్ నుంచి అయుత్థయదాకా. తెరిచినవాడు చులాలొంగ్‌కోన్ రాజు. మేం చూడబోయే భవనాల్లో చాలావాటిని కట్టించిందీ ఆయనే. దారిలో నాకు తెలిసినంత కథ చెప్పాను. ఒకప్పుడు ఒక రాజుగారి పడవ ఈ లంక దగ్గర బోల్తాపడిందట. ఆయనకు ఇక్కడ ‘ఇన్’ అనే పల్లెపడుచు పరిచయమైందట. వాళ్లకు పుట్టిన కొడుకే తర్వాత ప్రాసాత్ థోంగ్ అనే రాజై, తన తల్లి ఊరిమీద మమకారంతో 1632లో ఇక్కడ భవనం కట్టించాడని జనం చెప్పుకునే కథ. అంతకుముందే ‘ఇన్ = ఇంద్ర’ అని రాసిపెట్టుకున్న నాన్న, మొహం చిన్నబుచ్చుకుని ఆ పంక్తి కొట్టేశారు. ‘ప్రాసాత్ = ప్రాసాదం’ మాత్రం నిలబడింది. థోంగ్ అంటే బంగారం.

1767లో బర్మా సేనలు అయుత్థయను నాశనం చేశాక ఈ భవనం పాడుపడింది. ఎనభై ఏళ్లకు పైగా పిచ్చిమొక్కలే ఏలాయి. పంతొమ్మిదో శతాబ్దం నడిమధ్య మొంగ్‌కుట్ రాజు మళ్లీ ఇక్కడికి రావడం మొదలుపెట్టాడు. ఆయన కొడుకు చులాలొంగ్‌కోన్ 1872 నుంచి 1889 దాకా కట్టించినవే ఇప్పుడు మనం చూసేవి.

"మొంగ్‌కుట్ అంటే మకుటం. మరి చులాలొంగ్‌కోన్?" అని నాన్న కళ్లు మూసుకున్నారు. రైలు ఒక వంతెన దాటింది. "చూడాలంకరణం! తండ్రి కిరీటం, కొడుకు సిగలో నగ. పేర్లు పెట్టడం వీళ్ల దగ్గర నేర్చుకోవాలి. మనవాళ్లు రింకూ, టింకూ అని పెడుతున్నారు."

మా అన్నయ్య కొడుకును ఇంట్లో టింకూ అనే పిలుస్తారు. అమ్మ కిటికీవైపు తిరిగింది.

భవనం గేటు దగ్గర పొట్టిలాగులతో వచ్చినవాళ్లను ఆపి, చుట్టుకోవడానికి బట్టలిస్తున్నారు. నాన్న గోచీ పోసి కట్టిన పంచెతో ఉన్నారు. కాపలా కుర్రాడు ఆయనను పైనుంచి కిందికి చూసి ఇంకొకతన్ని పిలిచాడు. పంచెకట్టు ఇక్కడ కుదరదంటారేమో అనుకున్నాను. రెండోవాడు నవ్వి, "చోంగ్ కబేన్" అని చేతులు జోడించి దారి వదిలాడు. అది వాళ్ల పాత కట్టు. మన గోచీకట్టుకు దాయాది. చులాలొంగ్‌కోన్ కాలంలో థాయి దొరలు పైన కోటు, కింద ఈ పంచెకట్టుతోనే ఫొటోల్లో కనిపిస్తారు. ఆ కోటు పేరు ‘రాచపటేన్’. రాజుగారు 1872లో మన దేశం వచ్చినప్పుడు కలకత్తాలో కుట్టించిన రకమది: సగం ‘రాజ’, సగం ఇంగ్లీషు ‘ప్యాటర్న్’. ఆ మాట చెప్పగానే నాన్న గేటు మధ్యలోనే నిలబడి రాసుకోవడం మొదలుపెట్టారు. వెనక యాభైమంది యాత్రికుల బృందం ఆగిపోయింది.

అమ్మ మోకాళ్లకోసం ఒక బ్యాటరీ బండి అద్దెకు తీసుకున్నాం, నడిపింది నేనే. మొదటి మలుపు తిరగ్గానే చెరువు మధ్యలో ఆ మండపం కనిపించింది. పటాల్లో చూసిందే, అయినా బండి దానంతటదే ఆగినట్టయింది. నాలుగు వైపులా ముఖమండపాలు, మెట్లు మెట్లుగా దిగే కప్పులు, అంచుల్లో బంగారు కొనలు, అన్నిటి మీదా ఒక శిఖరం. నీళ్లలో దాని కింద తలకిందులుగా ఇంకొకటి. అమ్మ రొట్టెముక్క విసిరితే నల్లటి చేపలు మూతులు తెరుచుకుని ఎగబడ్డాయి, కింది మండపం ముక్కలైపోయింది. కాసేపటికి మళ్లీ అతుక్కుంది. అమ్మ అలా రొట్టె అయిపోయేదాకా దాన్ని పగలగొడుతూనే ఉంది.

1876లో కట్టిన ఆ మండపం పేరు ‘ఐసవన్ థిప్పయ-ఆత్’. లోపల చులాలొంగ్‌కోన్ విగ్రహం సైనిక దుస్తుల్లో నిలబడి ఉంటుంది. నాన్నకు విగ్రహంతో పని లేదు. ‘ఐసవన్’, ఐశ్వర్యం. ‘థిప్పయ’, దివ్య. ‘ఆత్’ దగ్గర ఆగిపోయారు. ఆత్మ అనుకున్నారు, కాదు. ఆర్థికం అనుకున్నారు, అసలే కాదు. గట్టు మీద పదినిమిషాలు కూర్చున్నారు. ఉన్నట్టుండి, "సకారం! చివర సకారం తకారమవుతోంది! ఆసనం!" అని అరిచారు. పక్కనున్న చైనా దంపతులు ఉలిక్కిపడ్డారు. ఐశ్వర్య దివ్యాసనం.

"దీనికి మాతృక బ్యాంకాక్ మహాభవనంలో ఉంది నాన్నా. మొన్న మనం దాని ముందునుంచే నడిచాం. మొంగ్‌కుట్ కట్టించాడు. రాజు పల్లకీ ఎక్కేముందు, దిగాక ఆ బరువైన దుస్తులు, నగలు మార్చుకునే చోటు. ఆఫోన్ ఫిమోక్ ప్రాసాత్ అంటారు" అని చెప్పాను.

నాన్న ఈసారి అరవలేదు. చాలా మెల్లగా, "ఆభరణ విమోక్ష ప్రాసాదం" అన్నారు. "నగలు విప్పి పక్కన పెట్టే అరుగుకు ఎంత పేరు పెట్టాడే! విమోక్షం అన్నాడు చూశావా."

"మోసేవాళ్లకు తెలుస్తుంది, మోక్షమంటే ఏమిటో" అంది అమ్మ. "పెళ్లిలో మీ అమ్మగారి కాసులపేరు ఆరు గంటలు మెడలో మోశాను."

తర్వాత చూసినవి కొన్ని గబగబా చెప్పేస్తాను, ఎందుకంటే మేమూ గబగబానే చూశాం. వరోఫాత్ ఫిమాన్ అనే సింహాసన భవనం పాశ్చాత్యుల పద్ధతిలో ఉంటుంది. ఫిమాన్ అంటే మన విమానమే. తోటలోని చెక్కమేడ 1938లో మరమ్మతులప్పుడు అంటుకుని కాలిపోయింది. ఇప్పుడున్నది మళ్లీ కట్టినది. పాతదాంట్లో మిగిలింది కోటబురుజులా కనిపించే నీళ్లట్యాంకు ఒక్కటే. చైనా వర్తకులు కట్టించి కానుకగా ఇచ్చిన వేహాత్ చమ్రూన్ మేడ 1889లో పూర్తయింది. ఎరుపు, బంగారం, కన్ను పడినచోటల్లా చెక్కడం. నాకు ఊపిరాడలేదు. అమ్మ మాత్రం చెప్పులు విప్పి ఆ రంగుపలకల నేల మీద నడిచి, "చల్లగా హాయిగా ఉంది, ఇక్కడే కూర్చుందాం" అంది.

సింహాసన భవనం నుంచి లోపలి అంతఃపురానికి పోయే వంతెన దగ్గర మాత్రం కాసేపు నిలబడ్డాం. వంతెన పొడవునా మధ్యలో సందులున్న చెక్కతెర ఉంది. ఒక పక్క మగవాళ్లు, రెండో పక్క అంతఃపుర స్త్రీలు నడిచేవారు. ఆడవాళ్లు ఇటునుంచి అటు చూడవచ్చు, మగవాళ్లకు అటునుంచి ఇటు కనిపించదు. అమ్మ అటూ ఇటూ రెండుసార్లు నడిచి, సందుల్లోంచి నాన్నను చూసి, "పర్వాలేదు, తెలివైన ఏర్పాటే" అని తీర్పిచ్చింది.

తోటలో పచ్చిక మీద ఏనుగుల మంద ఉంది. పొదలను కత్తిరించి చేసిన ఏనుగులు: పెద్దవి, పిల్లలు, తొండమెత్తినవి. ఒకాయన నిచ్చెన మీద నిలబడి పెద్ద కత్తెరతో ఒక ఏనుగు చెవి సరిచేస్తున్నాడు. చెవి అంచున ఒక లేతరెమ్మ మొండిగా బయటికి పొడుచుకొచ్చింది. దాన్ని వేళ్లతో పట్టి, వదిలి, వెనక్కి వంగి చూసి, మళ్లీ పట్టి, అప్పుడు కత్తిరించాడు. మా ఊళ్లో మంగలి అచ్చంగా అలాగే చేసేవాడు. తోటలో దేవగన్నేరు చెట్టు కూడా ఉంది. దాని పాత పేరు థాయిలో దుఃఖాన్ని సూచించే మాటలా వినిపిస్తుందని, ఇళ్లల్లో నాటేవారు కాదట. ఇప్పుడు కొత్త పేరు పెట్టుకుని అందరూ నాటుకుంటున్నారు. ఆ కొత్త పేరు లీలావదీ, మన లీలావతి. అమ్మ రాలిన పూలు నాలుగు ఏరి చేతిసంచిలో వేసుకుంది. కొమ్మ కూడా విరిచేదే, నేను పట్టుకున్నాను.

పసుపు మీద ఎర్రచారలతో దీపస్తంభంలా ఉండే గోపురం పేరు ‘హో విథూన్ థసనా’, 1881 నాటిది. అది దూరాన్ని చూపించే విదూర దర్శనమా, విదురుడి దర్శనమా అని నాన్న మెట్లెక్కుతూనే వాదించుకున్నారు. కింద పలక మీద దాన్ని జ్ఞానుల గోపురమని రాశారని చెబితే, "అయితే విదురుడే" అని తృప్తిపడ్డారు. పైనుంచి చూస్తే కాలువలు, వరిచేలు, చెట్ల వరసలు, ఎండలో మెరుస్తున్న నది. ఇద్దరం ఒకటే అనుకున్నాం, పైకి అనలేదు. ఇంత దూరం వచ్చి చూస్తున్నది మన లంకల్నే.

దిగి వస్తుంటే చెట్ల నీడలో తెల్లటి పాలరాతి స్తంభం కనిపించింది. దాని గురించి నాకు తెలుసు. అయినా మంచి హుషారులో ఉన్న మనిషి చేత ఇంకో పేరు విడదీయించాలన్న సరదాతో, "ఇది చెప్పండి చూద్దాం, కన్నాఫోన్ ఫెత్‌చరత్" అన్నాను. ఆ మాట అలా అని ఉండాల్సింది కాదు.

"కన్నాఫోన్, కన్నాఫోన్... ఆఫోన్ ఇందాకే వచ్చింది. ఆభరణం. కర్ణాభరణం! ఫెత్‌చ అంటే... వజ్రం. కర్ణాభరణ వజ్రరత్నం. చెవికి వజ్రాల కమ్మ. ఇదేదో ఆభరణాగారం పేరా?"

"కాదు నాన్నా. పాప పేరు."

అప్పుడు చెప్పాను. సునందా కుమారీరత్న చులాలొంగ్‌కోన్ రాణి. 1880 మే 31న ఆమె బ్యాంకాక్ నుంచి ఇదిగో ఈ భవనానికే బయలుదేరింది. పడవను ఆవిరిఓడకు కట్టి లాగుతున్నారు. దారిలో అది తిరగబడింది. రాణికి పంతొమ్మిదేళ్లు, కడుపుతో ఉంది. పక్కన కూతురు. ఇద్దరూ నదిలో పోయారు. రాచవారి ఒళ్లు తాకితే మరణదండన అన్న పాత చట్టానికి భయపడి చుట్టూ ఉన్నవాళ్లు చేయి అందించలేదని కథగా చెబుతారు.

"పాపకు ఎన్నేళ్లు?" అంది అమ్మ.

"రెండు నిండలేదు."

స్తంభం మీద రాజు తన మాటలే చెక్కించాడు, థాయిలోనూ ఇంగ్లీషులోనూ. ఆమె తన జీవితంలో ఎంతో సంతోషంగా గడిపిన ఘడియలు ఈ తోటలోనే, తన వాళ్ల మధ్యనే అన్నాడు. ఆ రోజుల్లో తనకు చావు ఎంతో దగ్గరగా, బతకడం కంటే నయంగా అనిపించిందన్నాడు. కింద 1881. నేను ఇంగ్లీషు చదివి అర్థం చెబుతుంటే నాన్న కలం మూత పెట్టేశారు.

దగ్గర్లోనే ఇంకో పాలరాతి కట్టడం ఉంది. 1887లో, ఒకే ఏడాది, ఆ రాజుకు మరో భార్య, ముగ్గురు పిల్లలు పోయారు. వాళ్ల గుర్తు అది. అందులో ఏడాదిన్నర బాబు సిరిరాజ్. బ్యాంకాక్‌లో పెద్ద పేరున్న సిరిరాజ్ ఆసుపత్రికి పెట్టింది ఆ పసివాడి పేరే. ఎనిమిదేళ్ల పాప పేరు ఫాహురత్ మణిమై.

అమ్మ చటుక్కున తలెత్తింది. "ఫాహురత్ అంటే... మనం మొన్న కరివేపాకు కొన్న బజారు కాదూ?"

అవును, అదే. బ్యాంకాక్‌లో మన దేశంవాళ్ల బట్టల అంగళ్లు, పప్పులు, అగరొత్తులు దొరికే వీధి. అది ఆ పాప ఆస్తిలోంచి రాజు ఆమె పేరిట వేయించినది. నాలుగేళ్లుగా నెలకు రెండుసార్లు వెళ్తున్నాను. ‘ఫాహురత్ పోనీ’ అని టాక్సీవాళ్లకు కొన్ని వందలసార్లు చెప్పి ఉంటాను. ఫాహురత్ అంటే దండకు పెట్టుకునే వంకీ అని అర్థం. నాన్న ఆ పదం విడదీయలేదు, నేనూ అడగలేదు.

"ఊరు పుట్టిందీ పడవ మునిగే అన్నావు కదే" అంది అమ్మ, కాసేపాగి. ఇంకేమీ అనలేదు.

గేటు బయట నది ఒడ్డున పులిహోర పొట్లాలు విప్పాం. మధ్యాహ్నం రెండు దాటింది. అవతల చిన్న లంక మీద చర్చిలా కనిపించేది నిజానికి బౌద్ధ విహారం, వాత్ నివేత్ థమ్మప్రవత్. 1878లో చులాలొంగ్‌కోన్ సరదాపడి గాథిక్ చర్చి నమూనాలో కట్టించాడు. రంగుగాజు కిటికీలు, గంటగోపురం, లోపల వేదిక మీద బుద్ధుడు. అక్కడికి పడవ కాదు, నదిపాయ మీద కట్టిన తీగమీద జారే చిన్న పెట్టెలో పోవాలి. అప్పుడే చెప్పిన కథ చెవిలో ఉండగా ఆ పెట్టె ఎక్కమంటే అమ్మ ససేమిరా అంది. నాన్న చేయి పట్టుకుని ఎక్కించారు. పెట్టె నిండా నిమిషం కూడా నడవదు. ఆ కాసేపూ అమ్మ కళ్లు మూసుకుని గోవిందనామాలు చదివింది. ఒక చేత్తో ఇనుపకడ్డీ, ఇంకో చేత్తో పక్కనున్న యువభిక్షువు వస్త్రం కొంగు పట్టుకుంది. ఆడవాళ్లు భిక్షువులను తాకకూడదని ఆమెకు ఎవరు చెప్పారు? నేను నోరు తెరిచేలోపు ఆ కుర్రభిక్షువు నాకు కళ్లతోనే వద్దని సైగచేసి, కదలకుండా నదివైపు చూస్తూ నిలబడ్డాడు.

అవతల దిగాక, "మన కోటిపల్లి రేవులో పంటే నయం" అంది అమ్మ, ఊపిరి తీసుకుంటూ. ఆమె కళ్లకు ఆ విహారమంతా చర్చిలాగే కనిపించింది. బుద్ధుడి ముందు దండం పెట్టి, చుట్టూ ఉన్న కిటికీలకు కూడా దేనికైనా మంచిదని ఒకటి పెట్టింది.

సాయంత్రం రైలు గంట ఆలస్యం. వచ్చాక కూడా కిక్కిరిసి ఉంది, అమ్మకు మాత్రం ఎవరో లేచి చోటిచ్చారు. నాన్న తలుపు దగ్గర నిలబడి, ఆనుకుని, ఆ రోజు రాసుకున్నవి మళ్లీ చూసుకుంటున్నారు. భుజం మీదుగా చూశాను. ఐసవన్, ఐశ్వర్యం. ఆత్, ఆసనం. ఆఫోన్ ఫిమోక్, ఆభరణ విమోక్షం. దాని కింద రెండు గీతలు. విథూన్, విదుర. ఆ తర్వాత ఎడమవైపు కన్నాఫోన్ ఫెత్‌చరత్ అని ఉంది. గీతకు కుడివైపు ఏమీ లేదు.

ఆ పుస్తకం ఇప్పుడు నా దగ్గర ఉంది. నాన్న పోయి ఏడేళ్లు. అట్ట రంగు వెలిసింది, జేబులో చెమటకు అంచుల్లో సిరా కాస్త పాకింది. బాంగ్ పా-ఇన్ పేజీలో ఆ ఖాళీ తర్వాత ఇంకొక్క పంక్తి ఉంది. బ్యాంకాక్ దగ్గర పడుతుండగా, థాయిలో రైలును ఏమంటారని అడిగి రాసుకున్నది. చెప్పాను: రోత్‌ఫై. రోత్ అంటే రథం, ఫై అంటే నిప్పు. కుడివైపు గుండ్రటి చేతిరాతలో, కుదుపులకు కాస్త వంకరపోయి ఉంది: ‘పొగబండి.’